అమ్మ చూడని శిఖరం

మా అమ్మ నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగే మనిషి కాదు. చీర కొంటే కట్టుకునేది, కొనకపోతే ఉన్నదే ఉతుక్కునేది. కూర ఎలా ఉందంటే బాగుందనేది, అందులో ఉప్పు లేకపోయినా అదే మాట. అలాంటిది పోయినేడు చలి తగ్గే రోజుల్లో, మా అమ్మాయి తెనాలి నుంచి బాపట్లలో మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు, ఇడ్లీ తింటున్నది ఆపేసి, "నన్నొకసారి శ్రీశైలం తీసుకెళ్తావా అమ్మడూ?" అని అడిగింది. ఆ మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది.

మా అమ్మాయి మాత్రం పొంగిపోయింది. అంతకు వారం ముందే గుంటూరు డాక్టరు చెప్పాడు, గుండెలో కవాటం అరిగిపోయిందనీ, ఈ వయసులో కోసేదీ కుట్టేదీ ఏమీ ఉండదనీ, ఆవిడకి ఏది ఇష్టమైతే అది చెయ్యమనీ. ఎనభై రెండేళ్ళ మనిషి మొదటిసారి ఒకటి అడిగితే కాదనేదెవరు? అమ్మాయి అక్కడికక్కడే ఫోను తీసి దారి చూసింది. టిఫిన్ ఎక్కడ తినాలో, ఫొటోలు ఎక్కడ దిగాలో అల్లుడితో ఫోనులోనే మాట్లాడేసుకుంది. చిన్నప్పుడు నువ్వూ అమ్మమ్మా లారీలో వెళ్ళారన్నావుగా, అదే దారిన పోదాం, ఆ కబుర్లన్నీ చెబుతూ రావాలి అని నాకు పని కూడా పురమాయించింది. నాకు కబుర్లు చెప్పడం వచ్చు. ఆ ప్రయాణం కబుర్లలో ఒకటి మాత్రం మా అమ్మ వినకూడనిది ఉంది. యాభై మూడేళ్ళుగా దాన్ని కడుపులో పెట్టుకుని ఉన్నాను.

తెల్లారి బయలుదేరాం. అల్లుడు బండి నడుపుతున్నాడు, అమ్మాయి పక్కన కూర్చుంది. వెనక నేనూ అమ్మా. గుంటూరు దాటాం, నరసరావుపేట దాటాం. వరి పొలాలు అయిపోయి ఎర్రగా ఎండబెట్టిన మిరపకాయల కల్లాలు వచ్చాయి. అద్దాలన్నీ బిగించి ఉన్నా ఆ ఘాటు లోపలికి వచ్చి అందరం తుమ్మాం. వినుకొండలో ఆగి పెసరట్టు తిన్నాం. అమ్మ సగం తిని, చేతులు కడుక్కుని, ఎదురుగా ఉన్న కొండని అలాగే చూస్తూ నిలబడింది. అప్పట్లో దీన్ని చూసే నువ్వు మబ్బనుకున్నావు అని నాతో అంది. అది నిజమే. ఆవిడ అనేదాకా నాకే గుర్తు రాలేదు.

మాది పిట్టలవానిపాలెం దగ్గర పల్లె. ఎటు చూసినా చేలు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎత్తైనవంటే కాలవ కట్టా, వరిగడ్డి వాములూ. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను కొండని కళ్ళతో చూసి ఎరగను. ఆ ఏడు నూర్పిళ్ళు అయ్యాక, మాఘమాసంలో, ఊళ్ళో వాళ్ళు రేపల్లె నుంచి ఒక బియ్యం మిల్లు లారీ మాట్లాడారు. అడుగున మోకాలెత్తు గడ్డి పరిచి, మీద బరకం వేశారు. తవుడు వాసన, డీజిలు వాసన, కొత్త గడ్డి వాసన కలిసి ముక్కులు నిండిపోయాయి. మా నాయనమ్మ రెండు గంపలు సర్దింది. ఒకదాంట్లో పులిహోర, దిబ్బరొట్టెలు. ఇంకోదాంట్లో చలిమిడి, సున్నుండలు, ఎవరికి ఏ జబ్బు చేసినా ఒకటే మందైన శొంఠి. నాన్న మా అమ్మని రెండు చేతులా ఎత్తి లారీలో కూర్చోబెట్టాడు. అసలు ఆ ప్రయాణం మా అమ్మ కోసమే. వానాకాలం నుంచి ఆవిడ మాట్లాడటం మానేసింది.

మా తమ్ముడు పోయిన వానాకాలం అది.

వాడికి ఐదేళ్ళు. కాలవలకి కొత్తగా నీళ్ళు వదిలారు. ఊరంతా నాట్ల హడావిడి. ఆ పొద్దున వాడు నీళ్ళ తొట్టి దగ్గర ఆడి ఆడి, వంటింట్లోకి వచ్చి, ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ లాగి, తడి చెయ్యి మోచేతి దాకా అందులో పెట్టాడు. బెల్లం ముక్క తిన్నంత తేలిగ్గా ఆవకాయ ముక్క తినేవాడు వాడు. కానీ జాడీలో తడి తగిలిందంటే ఏడాది పచ్చడీ బూజు పట్టినట్టే. ఇంట్లో వాళ్ళకీ, నాట్లకొచ్చిన కూలీలకీ కూడా అదే ఆధారం. అమ్మ వాడి వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. ఆవిడ చెయ్యి చేసుకోవడం నేను చూసింది అదే మొదలు.

వాడు ఏడుస్తూ అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు. ఇక చూడండి ఆ మంట. నేను అరుగు మీద గచ్చకాయలు ఆడుతున్నాను. ముక్కూ మొహమూ ఎర్రగా పచ్చడి పూసుకుని వాడు గెంతుతూ ఉంటే నవ్వొచ్చింది, నవ్వాను. వాడు కళ్ళు కడుక్కోవడానికి కాలవ రేవుకి పరిగెత్తాడు. తొట్టి నిండా నీళ్ళున్నాయి, కానీ తొట్టి దగ్గర అమ్మ ఉంది. మళ్ళీ కొడుతుందని అటు వెళ్ళలేదు. మధ్యాహ్నానికి కింద తూము దగ్గర దొరికాడు.

దినాలన్నీ అయ్యాక ఒకనాడు అమ్మ జాడీ మూత తీసి లోపలికి చూసింది. బూజు పట్టలేదు. దసరాకి మళ్ళీ చూసింది, అప్పుడూ లేదు. "చూడవే, పాడవలేదు," అని నాకు చూపించింది. ఆ ఆరేడు నెలల్లో ఆవిడ నాతో అన్నది ఆ ఒక్క మాటే. నాయనమ్మ ఆ ఏడంతా ఆ ఆవకాయే అందరికీ వేసింది. నేనూ తిన్నాను. పచ్చడి బాగానే ఉంది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చూడటానికి వచ్చిన వాళ్ళందరూ మళ్ళీ నీ కడుపునే పుడతాడమ్మా, ఏడవకు అనేవాళ్ళు. పుట్టడానికి దారి లేదు. వాడు పుట్టిన నెలకే నాన్న అమ్మకి ఆపరేషన్ చేయించాడు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు, ఇక చాలు అనుకున్నారు.

ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు కడుపు ఖాళీగా ఉంచుకోవాలని చెప్పేవాళ్ళు మా లారీలో ఒక్కరూ లేరు. దోర్నాలలో బండి ఆపి, అందరం ఆవురావురుమంటూ పులిహోర పట్టించాం. మూడో మలుపు తిరిగేసరికి లారీలో సగం మంది పక్క చెక్కల మీద నుంచి తలలు బయట పెట్టారు. కాలవ కట్టల మీద తోలిన డ్రైవరు అతను, కొండ అతనికీ కొత్తే. ఎదురుగా ఏమీ లేకపోయినా హారన్ మోగిస్తూనే ఉన్నాడు. నిదానంగా తోలు నాయనా, నీకు పుణ్యముంటుంది అని నాయనమ్మ ముందు చెక్క మీద చెంబుతో కొడుతూ ఉంది. పక్కింటావిడ వాంతులకని కొంగున కట్టుకున్న ఎండు ఉసిరికాయలు నేను ముడి విప్పి కాజేసి, ఒక్కొక్కటే బుగ్గన పెట్టుకున్నాను. ఆవిడ చివరిదాకా ఆ ముడి వెతుక్కుంటూనే ఉంది.

అందరూ కాస్త తేరుకున్నాక నాయనమ్మ క్షేత్ర మహిమ అందుకుంది. శిఖరేశ్వరం అనే చోట బండి ఆగుతుందనీ, అక్కడ రాతి నంది దగ్గర నువ్వులు వేసి తిప్పి, దాని కొమ్ముల మధ్య నుంచి చూస్తే దూరంగా మల్లన్న గుడి శిఖరం కనపడుతుందనీ, అది కంటపడ్డ మనిషికి ఇక మళ్ళీ జన్మ ఉండదనీ చెప్పింది. నంది దగ్గరే కాదు, ఎక్కడి నుంచి చూసినా చూసినట్టేనట. గడ్డిలో ముడుచుకుని పడుకున్న మా అమ్మ లేచి కూర్చుంది.

"అయితే, చూసినవాళ్ళు ఇక రారా అత్తయ్యా?"

ఆర్నెల్ల తర్వాత కోడలు నోరు విప్పిందని నాయనమ్మకి సంతోషం పట్టలేదు. రారే పిచ్చిదానా, దాని కోసమేగా ఇంత దూరం వస్తున్నది అని, అమ్మ తల నిమిరి, ఇవాళతో నీ కష్టాలన్నీ తీరిపోతాయి అంది.  అమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరకి లాక్కుంది. 

శిఖరేశ్వరం దగ్గర దిగి, మెట్ల మీద వరసలో నిలబడ్డాం. పైనుంచి ఒక్కొక్కరూ కనపడింది, కనపడింది అంటూ కళ్ళు తుడుచుకుంటూ దిగి వస్తున్నారు. అమ్మ నన్ను వరసలోంచి పక్కకి లాగి, చెట్టు చాటుకి తీసుకెళ్ళి, నా ముందు గొంతుకూర్చుంది.

"నువ్వు చూడమాక. కళ్ళు గట్టిగా మూసుకో. చిన్నోడు చూడకుండానే పోయాడు, వాడు మళ్ళీ పుట్టాల్సిందే. వాడొచ్చేసరికి మనిద్దరం ఉండాలి. నేను కొట్టాను గదే వాడిని. ఊరికే కొట్టాను."

నేను తల ఊపాను. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది? ముందు నాయనమ్మ చూసింది. తర్వాత నాన్న చూశాడు, చూసి పెద్దగా దండం పెట్టాడు. అమ్మ వంతు వచ్చినప్పుడు ఆవిడ నంది మీదకి వంగి, కళ్ళు మూసుకుని, కనపడింది అని చెప్పి దిగిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. నా వంతుకి నాన్న నన్ను చంకలు పట్టి ఎత్తాడు. రాయి చల్లగా తగిలింది, నూనె పట్టిన నువ్వుల వాసన వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాను. వెనక ఎవరో తొందరగా కానివ్వండి అంటున్నారు. అంతమంది చూసి ఏడ్చేంత గొప్పగా అక్కడేముందో అనిపించింది. తెరిచాను.

అడవి మీద మసక. ఆ మసకలో బియ్యపు గింజంత తెల్లటిది ఒకటి. అంతే. ఇంతేనా అనుకుని దిగాను.

చూడలేదుగా అని అమ్మ చెవిలో అడిగింది. లేదు అన్నాను. అప్పుడు ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నన్ను ఎత్తుకుని లారీ దాకా నడిచింది, తొమ్మిదేళ్ళ దాన్ని. తన వంతు సున్నుండలు కూడా నాకే పెట్టింది. కొండ మీద ఉన్న రెండు రోజులూ నా మెడ మీద చెయ్యి వేసి, తల వంచి నడిపించింది, పొరపాటున కూడా గుడి శిఖరం నా కంటపడకుండా. తను కూడా కొంగు నుదుటి దాకా లాక్కుని నేల చూస్తూనే తిరిగింది. ఎంత వినయమో చూడు మా కోడలికి అని నాయనమ్మ మురిసిపోయింది.

తిరిగి వచ్చాక మా అమ్మ బతికింది. పొయ్యి దగ్గర కూర్చుంది, పాలు పితికింది, నాకు జడ వేసింది. శ్రీశైలం మహిమ అని ఊరంతా చెప్పుకున్నారు. నిజమేమిటంటే, ఆవిడ వచ్చే జన్మకి కావలసినవి సర్దుకోవడం మొదలుపెట్టింది. రాత్రిపూట నా పక్కన పడుకుని, అప్పుడు నువ్వు పెద్దదానివి గదా, వాడిని రేవుకి పోనివ్వమాక అనేది. మనింట్లో జాడీ ఉండదులే, ఉన్నా అటకమీద పెడదాం అనేది. నేను ఊ కొట్టేదాన్ని. వయసు పెరిగే కొద్దీ చెప్పేద్దామనిపించేది. ఆవిడ మొహం చూసి మానేసేదాన్ని. ఎదిగాక చదువుకున్నాను, ఇవన్నీ ఉత్తివే అనుకున్నాను, ఉత్తివైనప్పుడు చెప్పి ఏడిపించడం దేనికిలే అని ఊరుకున్నాను.

పాపం నాన్న సంగతే వేరు. మీ నాన్న చూశాడుగా, ఆయన మనతో రాడు అని అమ్మ ఒకసారి నాతో అంది. అప్పటినుంచి ఆయన్ని ఇంటికొచ్చిన చుట్టంలాగే చూసుకుంది. మంచి ముక్క ఆయనకే, మెత్తటి పరుపు ఆయనకే. ఎదురు మాటాడింది లేదు, దగ్గరగా కూర్చుంది కూడా లేదు. ఎందుకలా అయిపోయిందో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయాడు. ఆయన పోయిన రోజు అమ్మ ఏడవలేదు. ఆయన పని అయిపోయిందమ్మా అంది. నా కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చి, ముందు పసిదాని కుడి చెవి వెనక చూసింది. తమ్ముడికి అక్కడ పుట్టుమచ్చ ఉండేది. లేదు అని తనలో తాను అనుకుని, తర్వాత ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

దోర్నాల దగ్గర అటవీ శాఖ వాళ్ళ గేటు దాటి ఘాటు ఎక్కాం. ఇప్పుడు రోడ్డు నున్నగా ఉంది, మలుపు మలుపుకీ బోర్డులు పెట్టారు. అంచున గోడల మీద కోతులు కూర్చుని వచ్చే పోయే కార్లని చూస్తున్నాయి. మోదుగు పూలు అక్కడక్కడా విరగబూశాయి. అమ్మాయి పాత కబుర్లు చెప్పమంటే, ఉసిరికాయల దొంగతనం చెప్పాను. అల్లుడు పడీ పడీ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఆవిడ ఆ రోజు చాలా హుషారుగా ఉంది, అదే నాకు అంతుపట్టలేదు. శిఖరేశ్వరం దగ్గర పడుతున్న కొద్దీ తల వంచుకోవలసిన మనిషి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఒక మలుపులో లోయ బాగా కనపడుతోందని అల్లుడు బండి ఆపాడు. వాళ్ళిద్దరూ ఫొటోలకి దిగారు. అత్తయ్యా, మీరూ రండి, గాలి బాగుందండి అన్నాడు. మోకాళ్ళ నెప్పులని చెప్పి నేను దిగలేదు. తలుపు పడగానే అమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఇవాళ నేను చూసేస్తానే. నావల్ల కాదింక. మళ్ళీ పుట్టి, మళ్ళీ పాకి, మళ్ళీ ఒకడిని కట్టుకుని, మళ్ళీ కని... అలిసిపోయాను. నువ్వున్నావుగా. నువ్వు చూడలేదు, నువ్వు వస్తావు. వాడిని నువ్వే కను. నీకప్పజెబుతున్నా. కొట్టమాక, అంతే."

ఆవిడ మొహం తేటగా ఉంది. ఎన్ని రోజులనుంచి ఆలోచించుకుందో ఏమో, అంతా కుదుర్చుకుని, నిశ్చింతగా నా మీద పెట్టేసింది. అందుకే అడిగింది శ్రీశైలం. చనిపోయే ముందు కొడుకుని ఎవరి చేతుల్లోనో పెట్టి, తను హాయిగా వెళ్ళిపోదామని.

నేను అలాగేనమ్మా అంటే సరిపోయేది. యాభై మూడేళ్ళ అబద్ధానికి ఇంకొక్క మాట కలిపితే, ఆవిడ నాలుగు మెట్లెక్కి, ఆ తెల్లటిదాన్ని చూసి, బరువు దించుకుని దిగేది. నమ్మకం లేని దాన్ని, నాకేం పోయేది? కానీ వాడిని, ఐదేళ్ళ వాడిని, కళ్ళు మండుతూ పరిగెత్తిన వాడిని, నేను లేని చోట నా చేతుల్లో పెడుతున్నట్టు అనిపించింది. వాడు మళ్ళీ ఒంటరిగా రేవుకి పోతాడనిపించింది. అరవై రెండేళ్ళ దాన్ని, చదువుకున్న దాన్ని, ఆ క్షణాన అక్షరాలా అదే అనిపించింది.

"అమ్మా, నేను చూశాను. అప్పుడే చూశాను."

అమ్మ నా చెయ్యి వదల్లేదు. బయట కోతులు దేనికోసమో కొట్టుకుంటున్నాయి. అమ్మాయి నవ్వుతూ వాటిని ఫొటో తీస్తోంది. ఆవిడ, ఎలా ఉంది అని అడిగింది. చిన్నగా, తెల్లగా, ఏమీ లేదమ్మా అన్నాను. ఆవిడ తల ఊపింది.

"అయితే నువ్వు రావన్నమాట."

అందులో కోపం లేదు. ఊరెళ్ళే వాళ్ళు ఎంతమందో లెక్క చూసుకుంటూ ఒకరు తగ్గారని తెలుసుకున్నట్టు అంది. నేను ఏడ్చాను. తొమ్మిదేళ్ళప్పుడు ఏడవాల్సిన ఏడుపు అది. చిన్నపిల్లవి, చూడవూ మరి, అని ఆవిడే నన్ను ఓదార్చింది. తర్వాత కొంగు తీసి నుదుటి మీదకి లాక్కుంది.

శిఖరేశ్వరం దగ్గర బండి ఆగింది. అమ్మమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తుకెళ్దామండి అని అల్లుడు అప్పటికే ఇద్దరు మనుషుల్ని మాట్లాడాడు. అమ్మ దిగనంది. ఎండ నాకు పడటం లేదు, నువ్వెళ్ళి చూసి రా నాయనా అంది. ఇంత దూరం వచ్చి ఇదేంటమ్మమ్మా అని అమ్మాయి బతిమాలింది. ఇందుకోసమేగా అడిగావు అంది. అమ్మ కొంగు ఇంకాస్త కిందికి లాక్కుని, కారు మధ్యలో కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

"నువ్వూ వెళ్ళవే. నీకెలాగూ అయిపోయిందిగా."

నేను వెళ్ళలేదు. పైనుంచి అమ్మాయి గట్టిగా, కనపడిందమ్మా అని కేకేసింది. అదీ చూసిందా అని లోపల అమ్మ గొణుక్కోవడం నాకు వినపడింది. ఆవిడకి మిగిలిన వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నాకు ఆ మెట్ల మీదకి పరిగెత్తి, అంతా ఉత్తిదే, రాతి నందీ నువ్వులూ తప్ప ఏమీ లేదు, దిగి చూడమ్మా, చూసి విశ్రాంతి తీసుకో అని అరవాలనిపించింది. అలా అనే అర్హత నాకెక్కడిది? ఉత్తిదే అయితే అరగంట కిందట నేనెందుకు నిజం చెప్పాను? నా బరువు దింపుకున్నానా, వాడి మీద ప్రేమతో చెప్పానా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. ఏదైనా, ఆవిడ కోరుకున్న ఒకే ఒక్కదాన్ని నేను చెడగొట్టాను.

కొండ మీద మల్లన్న దర్శనం చేసుకుంది. చక్రాల కుర్చీలో తల వంచుకునే లోపలికి వెళ్ళి, తల వంచుకునే బయటికి వచ్చింది. మెడ నెప్పి అనుకుని అమ్మాయి దారిలో మందు కొని రాసింది. ఘాటు దిగుతున్నంతసేపూ అమ్మ కొంగు తీయలేదు. దోర్నాల వచ్చాక తీసి, మంచినీళ్ళు అడిగింది.

ఆ తర్వాత ఐదు నెలలు ఉంది. మునుపటిలాగే ఏదీ అడగలేదు. నాతో మాట్లాడటం తగ్గించలేదు, ఆ విషయం ఎత్తలేదు కూడా. కాకపోతే మంచి ముక్క నాకు వడ్డించడం మొదలుపెట్టింది. నేను కూర్చున్న కుర్చీ కింద చెప్పులు తెచ్చి పెట్టేది. వద్దమ్మా అంటే, నువ్వు కూర్చో అనేది. నాన్నని ఎలా చూసుకుందో నన్నూ అలాగే చూసుకుంది. అది అర్థమైన రోజు నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కాలవలకి నీళ్ళు వదిలిన వారం రోజులకి ఆవిడ వెళ్ళిపోయింది. పరామర్శకి వచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట. పుణ్యాత్మురాలు, వెళ్ళేముందు శ్రీశైలం చూసొచ్చింది, ఇక ఆవిడకి జన్మ లేదు. నేను దండం పెట్టాను. నాకు ఒక్కదానికే తెలుసు, ఆవిడకి జన్మ ఉంది. అలిసిపోయి, వద్దనుకుని కూడా, ఒక్కతే వెళ్ళింది వాడి కోసం.

ఇవన్నీ నేను నమ్మనని చాలా ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట చెప్పుకోవడం చేతకావడం లేదు. జన్మ రాహిత్యం కోసం అందరూ ఇంత దూరం నుంచి వెళ్తారు. నాకు తొమ్మిదేళ్ళకే, వద్దనగా వద్దనగా దొరికింది. ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్లవాడు తడి చేతులతో వంటింట్లోకి వస్తాడు. వాడి అమ్మ వాడిని కొట్టదు, చెయ్యి తుడిచి ముక్క పెడుతుంది. అరుగు మీద గచ్చకాయలు ఆడే అక్క ఆ ఇంట్లో ఉండదు.